ముత్తవ్వ కలలోకొచ్చి చెప్పిందంట

డిటెక్టివ్ నవలల్ని అద్దెకు తెచ్చుకుని చదివినవాళ్ళం మేము. ఎనభైల మొదట్లో చిత్తూరులో మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. తలుపంత వెడల్పు గది. గోడలకు కొట్టిన చెక్కల మీద, అట్టలు పోయి ఖాకీ కాగితం అతికించుకున్న పుస్తకాలు. వీపు మీద నల్ల సిరాతో నంబరు. రోజుకింత అని అద్దె కాబట్టి ఒకే పుస్తకాన్ని ఇంట్లో ముగ్గురం వంతులు వేసుకుని ఒక రాత్రిలో ముగించేవాళ్ళం. మొదట అన్న, తర్వాత నేను, తెల్లారుజామున చిన్నాయన. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు హంతకుడి పేరు చెప్పకూడదని అమ్మ మీద ఒట్టు.

కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మాకు చుట్టాలతో సమానం. యుగంధర్ మా వీధికొస్తే కారు ఎక్కడ నిలుపుతాడని కూడా మాట్లాడుకున్నాం. ఆ కారు రాలేదు. నేను చదివిన నేరాలన్నీ పెద్ద పట్నాల్లో, క్లబ్బుల్లో, బంగళాల్లో జరిగేవి. నీవా నది పక్కన, మామిడి తోటల నడుమ, సగం ఇళ్ళలో తెలుగూ సగం ఇళ్ళలో అరవమూ మాట్లాడుకునే మా ఊరిలాంటి చోట ఏమీ జరగదన్నట్టుండేది.

అదే అంగట్లో ఎదుటి గోడకు దయ్యాల నవలలు. వారపత్రికల సీరియళ్ళ నిండా క్షుద్రపూజలు, చేతబడులు, శ్మశానాలు ఉన్న కాలం అది. అక్కడ దయ్యమంటే పగ. ఒక గోడకు తెలివి, ఒక గోడకు భయం. ఈ గోడ మీది మనిషీ ఆ గోడ మీది దయ్యమూ కలిసి కూర్చుని ఒక హత్య గుట్టు విప్పుతారన్న ఊహే మాకు అప్పుడు లేదు.

చాలా ఏళ్ళకు మా అక్క కూతురు అమెరికా నుంచి సెలవులకొచ్చి, తిరిగి పోయేటప్పుడు పెట్టె బరువైందని కొన్ని ఇంగ్లీషు నవలలు మా ఇంట్లో వదిలేసింది. "చదువు చిన్నమ్మా, నీకు నచ్చుతాయి. నెత్తురు ఉండదు" అనింది. కోజీ మిస్టరీ అనే మాట అప్పుడే విన్నాను. చిన్న ఊరు. పుస్తకాల అంగడో టీ అంగడో నడుపుకునే ఆడమనిషి. ఊళ్ళో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే, అందులోనే ఒక హంతకుడు. హత్య మన కళ్ళ ముందు జరగదు. పోలీసుల కంటే ముందు ఆ అంగడామె కనిపెడుతుంది. మర్నాడు మళ్ళీ అంగడి తెరుస్తుంది.

వాటిలో ఒకటి ఆలిస్ కింబర్లీ పేరుతో 2004లో మొదలైన వరసలోది. అది ఒక భార్యాభర్తలు కలిసి పెట్టుకున్న కలం పేరు. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో క్విండికాట్ అనే కల్పిత ఊరు. భర్త పోయిన పెనెలొపీ, చిన్న కొడుకును పెట్టుకుని అక్కడ పుస్తకాల అంగడి చూసుకుంటూ ఉంటుంది. ఆ కట్టడంలోనే 1949లో జాక్ షెపర్డ్ అనే ప్రైవేటు డిటెక్టివ్‌ను కాల్చి చంపారు. ఆయన గొంతు ఈమెకొక్కదానికే వినిపిస్తుంది. మనిషి మాట మొరటు, మనసు మెత్తన. గోడలు దాటి బయటికి రాలేడు. ఆయనదే ఒక పాత నాణెం ఈమె సంచీలో వేసుకుంటే మాత్రం వెంట వస్తాడు. ఆ నాణెం దగ్గరే నేను ఈ పుస్తకాలకు దొరికిపోయాను. దయ్యానికి కూడా బస్సు చార్జీ లాంటిది ఒకటి పెట్టారే అని అబ్బురపడ్డాను.

ఇంకొకటి కరొలిన్ హార్ట్ 2008లో మొదలుపెట్టిన వరస. ఇందులో దయ్యం బెయిలీ రూత్ అనే ఎర్రజుట్టు ఆవిడ. మొగుడితో పడవలో పోతూ సముద్రంలో మునిగి చనిపోయింది. స్వర్గంలో మంచిపనులకు ఒక శాఖ ఉంటుంది, దాన్ని చూసేది విగ్గిన్స్ అనే పాతకాలపు రైల్వే స్టేషన్ మాస్టరు. భూమ్మీద ఎవరికైనా ఆపద వస్తే ఆవిడను రైలెక్కించి ఆమె సొంత ఊరు అడిలైడ్‌కు పంపుతాడు. అది ఓక్లహోమాలోని ఊరు, ఆస్ట్రేలియాది కాదు. పాకాల నుంచి కాట్పాడి పోయే రైలు కూత వింటూ పెరిగినదాన్ని, ఊరికి సాయం రైల్లో వచ్చి దిగుతుందంటే నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది. ఆవిడకు 8 నియమాలు. ఎవరి కంటా పడగూడదు, తప్పనిసరైతే తప్ప రూపు చూపగూడదు, మనుషుల్ని జడిపించగూడదు, స్వర్గం సంగతులు చెప్పగూడదు, ఇట్లా పోతాయి. ఆవిడ ఒక్కొక్కటే మీరుతుంటుంది, పైన స్టేషన్ మాస్టరు తల పట్టుకుంటుంటాడు.

ఈ రెండు వరసల్లోనూ ఒక ఇబ్బంది ఉంది. కథంతా దాని మీదే నడుస్తుంది. దయ్యం ఏదైనా చూస్తుంది, వింటుంది, పసిగడుతుంది. సాక్ష్యం చెప్పడం మాత్రం దానికి కుదరదు. అంగడామె పోలీసు దగ్గరికి పోయి "దయ్యం చెప్పింది" అంటే పని జరగదు. అందుకని తనకు ముందే తెలిసిన దానికి మనుషులు నమ్మే కారణం వెతుక్కుంటూ ఊరంతా తిరగాలి. రసీదో, ఉత్తరమో, అబద్ధం చెప్పిన పనిమనిషో దొరకాలి. నిజం ముందు, రుజువు తర్వాత.

చదువుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. కాకపోతే మా అవ్వ పద్ధతి దీనికి తిరగేసినట్టుండేది.

అవ్వ వాళ్ళది చిత్తూరులోనే కట్టమంచి. ఇంటి ముందర తిన్నె. ఎండాకాలమంతా ఆ తిన్నె మీద కూర్చుని చింతపండు గింజ తీస్తూ వీధిని చదివేది. పుస్తకం చదవడం రాదు, వీధి చదవడం వచ్చు. ఎవరింట్లో పొయ్యి ఆలస్యంగా ముట్టింది, ఎవరి కోడలు ఏ నీళ్ళకు ఏ బిందె తెచ్చింది, ఎవరు ఎటు మొహం తిప్పుకుని పోయారు అన్నీ ఆమెకు కావాలి. చాడీలు చెప్పే అలవాటు మాత్రం లేదు. అన్నీ లోపల పెట్టుకునేది.

నేను హైస్కూల్లో ఉండగా మూలింట్లో బిడ్డకు పేరు పెట్టిన మర్నాడు వెండి ఉగ్గుగిన్నె కనిపించలేదు. బిడ్డ తల్లి పుట్టింటివాళ్ళు పెట్టిన గిన్నె. పోయింది వెండి ఒక్కటే అయితే అంత రచ్చ అయ్యుండేది కాదు, రెండు కుటుంబాల నడుమ మర్యాద కూడా పోయింది. అనుమానం ఎవరి మీదికి పోతుందో చెప్పనక్కర్లేదు. అంట్లు తోమే అక్కను నిలబెట్టి అడిగారు. ఆమె కొంగు దులిపి చూపించి, తిన్నె కింద కూర్చుని ఏడ్చింది. మూడిళ్ళలో పని మాన్పించేశారు.

అవ్వ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో పొద్దున చింతపండు చాట పక్కకు పెట్టి, మూలింటికి పోయి, ఆ ఇంటి పెద్దామెతో అందరూ వినేట్టు చెప్పింది. "వొదినా, రాత్రి మా అత్త కలలోకొచ్చింది. ఉగ్గుగిన్నె యాడికీ పోలేదంట. బజారు వీధిలో చల్లంగా ఉండాదంట. అమావాస్య లోపల ఇంటికొస్తాదంట. అంట్లామె కంట్లో నీళ్ళు పెట్టిస్తే బిడ్డకు మంచిది కాదని చెప్పి పోయింది." కాస్త ఆగి, "రాకుంటే అందరం కాణిపాకం పోదాం. కోనేట్లో మునిగి ప్రమాణం చేద్దాం. నేనూ వస్తా" అనింది.

అవ్వ అత్త, అంటే మా ముత్తవ్వ, పోయి అప్పటికే చాలా ఏళ్ళు. వీధిలో సగంమందికి ఆమె పురుడు పోసిన మనిషి. ఆమె మాటంటే చనిపోయినాక కూడా గౌరవం.

అమావాస్యకు ముందే గిన్నె రాగుల కుండలో దొరికింది. ఎవరు పెట్టారు, ఎట్లా వచ్చింది అని ఒక్కరూ అడగలేదు. ముత్తవ్వకు టెంకాయ కొట్టారు. అంట్లామె మళ్ళీ పనిలోకి వచ్చింది, ఆ ఇంటి పెద్దామె ఆమెకు కొత్త రవిక గుడ్డ పెట్టింది.

నేను తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఒక సెలవులకు పోయినప్పుడు అడిగాను. "ముత్తవ్వ నిజంగా వచ్చిందా అవ్వా?"

"ఆయప్ప సైకిలు జ్ఞాపకం ఉండాదా నీకు?" అనింది.

మూలింటి కొడుకు, బిడ్డ తండ్రి, సైకిల్ మీద పనికి పోయేవాడు. పేరు పెట్టే పండగకు ముందు కొన్నాళ్ళు ఆ సైకిలు వాకిట్లో లేదు. నడిచి పోయేవాడు. అడిగితే పంచరన్నాడంట. "ఎన్నాళ్ళుంటాది పాపా పంచరు? గిన్నె పోయిన్నాడే సైకిలు వచ్చింది. గిన్నె వచ్చిన్నాడు సైకిలు మళ్ళా పోయింది." బజారు వీధిలో కుదువ అంగడి. ఒకటి విడిపించడానికి ఒకటి పెట్టాడు.

"మరి ఆ మాటే చెప్పుండొచ్చు కదా?"

"నేను చెప్తే నేను చెప్పినట్టవతాది. ఆ కోడలు బిడ్డనెత్తుకోని పుట్టింటికి పోతాది. ఆయప్ప వీధిలో తలెత్తుకోలేడు. మా అత్త చెప్తే ఎవురితో కొట్లాడతారు?"

అమెరికా నవలలో అంగడామెకు నిజం దయ్యం దగ్గర దొరుకుతుంది, దాన్ని మనుషుల భాషలోకి తెచ్చుకోవాలి. మా అవ్వకు నిజం సైకిల్ దగ్గర దొరికింది, దాన్ని దయ్యం నోట పెట్టి చెప్పింది. చిన్న ఊళ్ళో నిజం తెలుసుకోవడం అంత కష్టం కాదు. అందరికీ సగం సగం తెలిసే ఉంటుంది. తెలిసిన నిజాన్ని ఎవరి నోటితో చెప్పించాలన్నదే అసలు చిక్కు. చెప్పినవాళ్ళూ చెప్పించుకున్నవాళ్ళూ మర్నాడు ఒకే కొళాయి దగ్గర బిందెలు పెట్టాలి కదా. ఈ నవలలు నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం అదేననుకుంటాను. మనుషుల మధ్య ఇమడని నిజానికి ఒక చోటు కావాలి, ఆ చోటే ఆ దయ్యం.

అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌ను ఇది తెలిశాక మళ్ళీ చదివాను. 1930లో మొదటి నవలలోకి వచ్చిన ఆ ముసలామె సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో కూర్చుని, ఏ హంతకుణ్ణి చూసినా తన పల్లెలో అట్లాంటి పని చేసిన ఏ కుర్రాణ్ణో, పనిపిల్లనో తలచుకుని పోల్చి పట్టేస్తుంది. అచ్చం మా అవ్వ తెలివే. అయితే మార్పుల్‌కు దయ్యం అవసరం పడలేదు. ఆమె చెప్పగానే పోలీసు వచ్చి తీసుకుపోతాడు, కథ ముగుస్తుంది. ఉగ్గుగిన్నెకు పోలీసును పిలిస్తే మా వీధిలో కథ అక్కడ మొదలవుతుంది.

కాణిపాకం మాట అవ్వ ఊరికే తేలేదు. చిత్తూరుకు 12 కిలోమీటర్ల లోపే ఉన్న వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. పల్లెల్లో దొంగతనమో, అప్పు ఎగ్గొట్టడమో, గట్టు తగువో తేలకపోతే "కాణిపాకం వస్తావా?" అని అడగడం మా జిల్లాలో ఇప్పటికీ ఉంది. కోనేట్లో స్నానం చేసి, తడి గుడ్డలతో స్వామి ముందర నిలబడి చెప్పాలి. అబద్ధమాడితే స్వామి ఊరుకోడని నమ్మకం. నేను గమనించిందేమంటే, స్వామి దొంగ పేరు చెప్పడు. ఎవరి కలలోకీ రాడు. మంచిరోజు చూసుకోవాలి, బస్సుకు పోవాలి, రెండు పక్షాలూ రావాలి. ఈలోపల తప్పు చేసినవాడికి రాత్రులు మిగులుతాయి. మాకు తెలిసిన తగువుల్లో చాలావరకు బస్సెక్కకముందే తేలిపోయాయి. వస్తువు ఏ రాగుల కుండలోనో దొరికేది, అప్పు ఎవరో తమ్ముడి చేత పంపేవాళ్ళు. బెయిలీ రూత్‌కు 8 నియమాలు పెట్టినవాళ్ళు ఈ దేవుణ్ణి చూసుంటే ముచ్చటపడేవాళ్ళు.

ఆ గుడి పక్కన పారే బాహుదా నది కథ కూడా నేరం కథే. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. దోవలో ఆకలికి ఆగలేక తమ్ముడు ఒకరి తోటలో మామిడిపండు కోసుకుని తిన్నాడు. అన్న దాన్ని రాజు దగ్గరికి తీసుకుపోయాడు. రాజు చేతులు నరికించాడు. ఆ ఏట్లో మునిగితే తమ్ముడికి చేతులు తిరిగొచ్చాయి, అందుకే ఏటికి ఆ పేరు. చిన్నప్పుడు నాకు అన్న మీద పట్టరాని కోపం వచ్చేది. ఒక మామిడిపండుకా అని. మామిడి జిల్లాలో పుట్టిన పిల్లకు ఆ శిక్ష అన్యాయమని వెంటనే తెలుస్తుంది. ఏటికి కూడా అట్లాగే అనిపించి ఉంటుంది.

తిరుపతిలో చదివేటప్పుడు తాతయ్యగుంట గంగమ్మ జాతర చూశాను. ప్రతి ఏటా మే నెలలో వస్తుంది. ఆ కథ తెలుసుకున్నాక, ఇంతకు మించిన డిటెక్టివ్ కథ ఏముందనిపించింది. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ జోలికి వచ్చి, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె వాణ్ణి వెతుకుతూ రోజుకొక వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి. చివరికి దొర వేషం కట్టి వస్తే, దొర వచ్చాడనుకుని వాడు బయటికి వచ్చాడు. అక్కడ వాడి తల తెగింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి పోయిందని చెప్తారు. పట్టుకున్నాక పట్టుబడినవాడి ఇంటికి పోయే డిటెక్టివ్‌ను నేను ఏ నవలలోనూ చూడలేదు. జాతరలో ఆ వేషాలు కైకాల ఇంటివాళ్ళు వరసగా కడతారు. భక్తుల్లో మగవాళ్ళు చీరలు కట్టుకుని, గాజులేసుకుని వస్తారు. గాంధీ రోడ్డు మీద బ్యాంకు ఉద్యోగి ఒకాయన జడ వేసుకుని, బిడ్డను చంకనెత్తుకుని, తీరిగ్గా టీ తాగుతుంటే చూశాను. ఎవరూ తిరిగి చూడలేదు. దేవత కూడా ఇట్లాగే జనంలో కలిసిపోయి వెతికి ఉంటుంది.

మనకు దయ్యం సాయం కొత్త కూడా కాదు. చందమామలో బేతాళ కథలు చదివినవాళ్ళం. శంకర్ గారి బొమ్మలో కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుపోయే విక్రమార్కుణ్ణి చూసి, బేతాళుడు రాజును ఏడిపించేవాడనే అనుకున్నాం. 11వ శతాబ్దంలో కాశ్మీరులో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఆ కథకు ముగింపు ఉంది. శవాన్ని తెమ్మన్న సన్యాసి రాజునే బలి ఇవ్వాలని చూస్తున్నాడు. ఆ గుట్టు విప్పింది బేతాళుడే. సాష్టాంగపడమంటే ఎట్లా పడాలో నువ్వే చూపించమను అని ఉపాయం కూడా చెప్పాడు. కానీ అంతకుముందు అన్ని చిక్కు ప్రశ్నలడిగి రాజు తెలివిని తేల్చుకున్నాడు. మొదటి రాత్రే చెప్పేసి ఉంటే మనకు కథలే లేవు.

అన్ని పుస్తకాలూ బాగుంటాయని చెప్పను. మూడో అధ్యాయంలో దయ్యం పోయి తలుపు వెనక నిలబడి అంతా విని వచ్చేస్తే, ఇక అంగడామె చేసేదేముంది? అట్లాంటివి సగంలో ఆపేశాను. దయ్యానికి ఊరితో సంబంధం లేకపోయినా నాకు రుచించదు. ఏ ఊళ్ళోనైనా సరిపోయే దయ్యం నాకు ఎందుకు? జాక్‌కు ఆ గోడలున్నాయి, బెయిలీ రూత్‌కు తాను పుట్టి పెరిగిన వీధులున్నాయి, ముత్తవ్వకు తాను పురుడు పోసిన పిల్లలున్నారు. మా కట్టమంచివాడే అయిన రామలింగారెడ్డి గారు 1899లో ముసలమ్మ మరణము రాసింది కూడా చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ఆడబిడ్డ గురించే. మన పల్లెల్లో అట్లా పోయినవాళ్ళు పేరంటాళ్ళుగా ఊరి పొలిమేరల్లోనే ఉంటారు, పై లోకాలకు పోరు.

నాయన జబ్బు పడి ఆసుపత్రిలో ఉన్న రాత్రుల్లో ఈ నవలలే చదివాను. బరువైన పుస్తకం ఏదీ ఆ వరండాలో కుదరలేదు. పోయిన మనిషి ఇంకా మాట్లాడుతుండడం, మాటకు మాట అంటుండడం, మర్నాటి పనికి సాయం వస్తుండడం, అదొక్కటే చదవగలిగాను. నాయన పోయాక కొన్నాళ్ళు అవీ చదవలేకపోయాను. తర్వాత మళ్ళీ వాటి దగ్గరికే వచ్చాను.

తెలుగులో ఇట్లాంటి నవల ఒకటి మా పాత చిత్తూరు జిల్లా మీద రావాలని నాకు గట్టి కోరిక. మామిడికాయ కాలం కావాలి. గుజ్జు ఫ్యాక్టరీల ముందర తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి రాత్రంతా నిలబడే కాలం. పాకాల జంక్షన్ దగ్గర దోసెల అంగడి పెట్టుకున్న ఒకామె. ఆమెకు మాత్రమే కనిపించే పాత కరణం, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన నాటి మనిషి. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఏ గట్టు రాయి ఏ రాత్రి జరిగిందో ఆయనకు తెలుసు. మా పక్క నేరమంటే ముందు భూమే కదా. ఆయన ఊరి పొలిమేర దాటలేడు. రికార్డులన్నీ పొలిమేర అవతలున్న ఆఫీసులో ఉన్నాయి. ఆమె బస్సెక్కి పోవాలి, గుమాస్తాను బతిమాలాలి, అడంగల్ నకలు తెచ్చుకోవాలి, ఈలోపల అంగట్లో పిండి పులిసిపోకుండా చూసుకోవాలి.

చివర్లో పోలీసు వద్దు. రాయి ఒక తెల్లారి పాత చోటుకే వచ్చి ఉండాలి. జరిపినవాడు ఆ పొద్దున కూడా ఆమె అంగడికే వచ్చి రెండు దోసెలు చెప్పాలి. ఆమె ఊరుబిండి పచ్చడి ఎక్కువే వేసి పెట్టాలి. కరణం మాత్రం ఆ మూల బెంచీ మీద కూర్చుని, పక్క సర్వే నంబరు సంగతి ఎత్తుకోవాలి.